కొరియాలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం: ఇండియన్ పాస్‌పోర్ట్‌తో కుదురుతుందా, అక్కడ రోజులు ఎలా గడుస్తాయి?

మీరు అడిగింది ఇది: "ఎం.ఏ. ఇంగ్లీష్, బీఈడీ చేశాను. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో చెబుతున్నాను. కొరియాలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. నేను పూర్తి శాకాహారిని. అక్కడ రోజులు ఎలా ఉంటాయి, డబ్బు మిగులుతుందా, ఆడపిల్ల ఒంటరిగా ఉండగలదా?"

ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కొరియాకు టీచర్లను వెతికిపెట్టే రిక్రూటర్లకు కమిషన్ ఇచ్చేది అక్కడి స్కూలు. టీచర్ దగ్గర తీసుకోవడం అనేది లేదు. మిమ్మల్ని లక్షలు అడుగుతున్నాడంటే అతని చేతిలో ఉద్యోగం లేదనే అనుకోవాలి. "ముందు టూరిస్టు వీసా మీద వెళ్లండి, అక్కడికెళ్లాక మార్పిస్తాం" అన్నాడంటే ఇక మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి. ఆ వీసా మీద పాఠం చెబుతూ దొరికితే జరిమానా కట్టించి వెనక్కి పంపేస్తారు.

నా సంగతి చెబితే మీకు లెక్క తెలుస్తుంది. నేను తెనాలిలో పుట్టి, ఆరో తరగతిలో అమ్మానాన్నలతో న్యూజెర్సీ వెళ్లినదాన్ని. నాది అమెరికా పాస్‌పోర్ట్. దేగు నగరంలో మొదట ఒక హగ్వన్‌లో, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లో, ఆ తర్వాత ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో పనిచేశాను. నేను వెళ్లిన దారి మీకు తెరిచి లేదు. మీ దారి వేరు, చాలా ఇరుకు కూడా.

అక్కడ ఇంగ్లీష్ చెప్పడానికి ఇచ్చే వీసా పేరు ఈ-2. అది మామూలుగా ఏడు దేశాల పౌరులకే ఇస్తారు: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీరు ఎంత బాగా మాట్లాడినా, ఎన్నేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివినా, పాస్‌పోర్టే చూస్తారు. అయితే మన దేశానికి ఒక మినహాయింపు ఉంది. భారత్, కొరియాల మధ్య సెపా అనే ఆర్థిక ఒప్పందం 2010 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం డిగ్రీతో పాటు ఇంగ్లీష్ బోధనకు టీచర్ అర్హత ఉన్న భారతీయులు ప్రైమరీ, సెకండరీ స్కూళ్లలో అసిస్టెంట్ టీచర్‌గా ఈ వీసా పొందవచ్చు. మీ బీఈడీ పనికొచ్చేది ఇక్కడే. హగ్వన్‌లకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. కాబట్టి మీ ఏజెంటు చూపించే ఉద్యోగం ఏదైనా అకాడమీలో అయితే అది అబద్ధమే. నిజం చెప్పాలంటే, నేనున్నన్నాళ్లూ ఇలా వచ్చిన ఇండియన్ టీచర్ నాకు ఎక్కడా తగల్లేదు. చట్టంలో దారి ఉండటం వేరు, విద్యాశాఖ వాళ్లు ఆ దారిన మనుషుల్ని తీసుకోవడం వేరు.

ఇక రోజులు. "కొరియాలో జీవితం ఎలా ఉంటుంది" అన్న ప్రశ్నకు నా దగ్గర ఒక్క జవాబు లేదు. అదే ఊరు, అదే సైజు గది, దాదాపు అదే జీతం. హగ్వన్‌లో ఉన్నప్పుడు నాది ఒక బతుకు, స్కూల్లో ఉన్నప్పుడు మరో బతుకు. ఎవరి కింద పనిచేస్తామో దాన్ని బట్టే అక్కడ అన్నీ ఉంటాయి. ఎందుకంటే వీసా, ఇల్లు, జీతం మూడూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఈ-2 వీసా ఆ యజమాని పేరు మీదే ఉంటుంది. కాంట్రాక్టు మధ్యలో వేరే చోటికి మారాలంటే పాత యజమాని ఇచ్చే రిలీజ్ లెటర్ కావాలి. మనవాళ్లకు గల్ఫ్ వీసాల సంగతి తెలుసు కాబట్టి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అంత ఘోరం కాదు గానీ, ఆ వాసన ఉంటుంది.

హగ్వన్ పని మధ్యాహ్నం మొదలవుతుంది. పిల్లలు స్కూలు అయ్యాక అక్కడికి వస్తారు కదా. రెండు గంటలకు వెళ్లి, రాత్రి తొమ్మిది దాకా వరసగా క్లాసులు. సియోల్, దేగు లాంటి చోట్ల రాత్రి పదికల్లా మూసేయాలని నిబంధన ఉంది, అది లేకపోతే ఇంకా నడిపేవాళ్లే. ఎనిమిదింటి క్లాసుకు వచ్చే పిల్ల అప్పటికే లెక్కల హగ్వన్, పియానో హగ్వన్ ముగించుకుని, మధ్యలో కన్వీనియన్స్ స్టోర్లో మూడు మూలల కింబాప్, అంటే సముద్రపు నాచులో చుట్టిన అన్నం ముద్ద, ఒకటి నోట్లో వేసుకుని వస్తుంది. కళ్లు వాలిపోతుంటాయి. నారాయణ, చైతన్య హాస్టళ్లు చూసిన మనకు ఇది కొత్త కాదు. కాకపోతే ఇక్కడ మూడో తరగతి నుంచే మొదలు. తల్లిదండ్రులు నెలనెలా ఫీజు కడతారు కాబట్టి హోంవర్క్ పుస్తకంలో పేజీలు నిండాలి, పరీక్షలో మార్కులు కనపడాలి. పిల్లలు మాట్లాడుతున్నారా లేదా అన్నది తర్వాతి మాట.

నేను పనిచేసిన హగ్వన్ ఓనరు మనిషిగా మంచిదే. పుట్టినరోజుకు కేకు తెచ్చేది. కానీ పే స్లిప్‌లో మాత్రం 3.3 శాతం కోత ఒక్కటే కనిపించేది. దాని అర్థం తెలిసినవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. అది ఫ్రీలాన్సర్లకు కోసే పన్ను. ఉద్యోగిని ఫ్రీలాన్సర్‌గా చూపిస్తే పెన్షన్లో, హెల్త్ ఇన్సూరెన్స్‌లో యజమాని కట్టాల్సిన సగం వాటా ఎగ్గొట్టొచ్చు. చాలామంది "టాక్స్ తక్కువే కదా" అని సంతోషిస్తారు. ఏడాది నిండితే చట్టప్రకారం ఒక నెల జీతం సెవరెన్స్‌గా ఇవ్వాలి, మన గ్రాట్యుటీ లాంటిది. ఈ ఫ్రీలాన్సర్ లెక్కలో ఉన్నవాళ్లకు అది అడిగితే, "నువ్వు ఉద్యోగివే కాదుగా" అంటారు. ఇంకొందరు పదకొండో నెలలో ఏదో వంక పెట్టి పంపేస్తారు, ఏడాది నిండకుండా. ఇలాంటివి జరిగితే కార్మిక శాఖ నంబరు 1350, వీసా విషయాలకు ఇమిగ్రేషన్ వాళ్ల 1345. ఫోన్లో ఇంగ్లీష్‌లో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. ఫిర్యాదు చేసి డబ్బు రాబట్టుకున్న విదేశీ టీచర్లు చాలామందే ఉన్నారు.

మీకు సంబంధించింది ప్రభుత్వ స్కూలు కాబట్టి అక్కడి సంగతులే వివరంగా చెబుతాను.

కొరియాలో విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. రెండో సెమిస్టర్ ఆగస్టు చివర. విదేశీ టీచర్లను ఈ రెండు సమయాల్లోనే ఎక్కువగా తీసుకుంటారు. ఎపిక్ అనే ప్రభుత్వ కార్యక్రమం 1995 నుంచి ఈ పని చూస్తోంది. ఉదయం ఎనిమిదిన్నరకు వెళ్తే సాయంత్రం నాలుగున్నర దాకా స్కూల్లో ఉండాలి, వారానికి 22 క్లాసులు. ఎలిమెంటరీలో క్లాసు 40 నిమిషాలు. గుమ్మం దగ్గర చెప్పులు మార్చుకుని లోపలి స్లిప్పర్లు వేసుకోవాలి. హెడ్మాస్టర్ కూడా సూటు మీద స్లిప్పర్లతోనే తిరుగుతుంటాడు.

క్లాసులో మీరొక్కరే ఉండరు. కొరియన్ కో-టీచర్ పక్కన ఉంటారు. ఈ మనిషి మంచిగా దొరికితే మీ ఏడాది హాయిగా గడిచిపోతుంది. కొందరు క్లాసంతా వాళ్లే నడిపి, మిమ్మల్ని "రిపీట్ ఆఫ్టర్ మీ" అనే టేప్ రికార్డర్‌గా వాడుకుంటారు. కొందరు మీకే వదిలేసి వెనక కూర్చుని పేపర్లు దిద్దుకుంటారు. నాకు దొరికినావిడ నాకంటే పదేళ్లు పెద్ద. నేను గట్టిగా ఏదైనా చెప్పగానే పిల్లల మొహాలు చూసి, అర్థం కాలేదనుకుంటే ఒక్క ముక్క కొరియన్‌లో అనేసి మళ్లీ నాకు వదిలేసేది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నంత బోధన ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

మూడో తరగతి నుంచి స్కూల్లో ఇంగ్లీష్ ఉంటుంది, 1997 నుంచి ఇదే పద్ధతి. క్లాసులో ముందు ఎవరు చెప్పాలి, ఏ జట్టు మొదలుపెట్టాలి, మిగిలిన ఒక్క స్టిక్కర్ ఎవరికి, ఇలాంటి తగాదాలన్నిటికీ అక్కడ ఒకటే కోర్టు: కావి-బావి-బో. కత్తెర, రాయి, కాగితం ఆట. ఇద్దరు పిల్లలు ఏడుపు మొహాలతో అరుచుకుంటుంటారు, ఒకడు "కావి-బావి-బో" అంటాడు, రెండు చేతులు గాల్లోకి లేస్తాయి, తేలిపోతుంది. ఓడినవాడు నోరెత్తడు. తిరిగి వెళ్లి కూర్చుంటాడు. మొదటి వారంలో నేను న్యాయం చెప్పబోయేదాన్ని, తర్వాత నేను కూడా చేయి చాపి "కావి-బావి" అనడం మొదలుపెట్టాను. ఈ ఆటలో వాళ్ల మీద గెలవడం కష్టం, మీ చేతివేళ్లు ముందే చదివేస్తారు.

ఉచ్చారణ దగ్గర తెలుగువాళ్లకు ఒక సుఖం ఉంది. వాళ్లూ మనలాగే మాట చివర అచ్చు తగిలిస్తారు. ఇంగ్లీష్ ఎఫ్, జెడ్ శబ్దాలు పలకడానికి తంటాలు పడతారు, కాఫీ అనమంటే "కాపి" అంటారు. మా తాతయ్య నోట విన్న మాటే కాబట్టి నాకు వాళ్ల ఇబ్బంది ఎక్కడుందో వెంటనే పట్టుబడేది. పై పళ్లను కింది పెదవికి ఎలా ఆనించాలో అద్దం తెచ్చి చూపించేదాన్ని.

మధ్యాహ్నం భోజనం అయ్యాక టీచర్లు, పిల్లలు అందరూ పళ్లు తోముకుంటారు. స్టాఫ్ రూంలో ప్రతి టేబుల్ మీద కప్పులో బ్రష్ ఉంటుంది. వైస్ ప్రిన్సిపల్ నోట్లో బ్రష్‌తో కారిడార్లో నడుస్తూ నాకు తల వంచి నమస్కారం పెట్టినప్పుడు ఏం చేయాలో తెలియక నేనూ వంగాను. నెల తిరక్కుండా నా కప్పూ అక్కడ చేరింది.

కష్టం పాఠం చెప్పడంలో లేదు. మీకు ఏదీ ముందుగా తెలియకపోవడంలో ఉంది. నోటీసులన్నీ కంప్యూటర్లో కొరియన్‌లో వస్తాయి. పాపగో అనే యాప్‌తో అనువాదం చేసుకుని చదువుకోవాలి. "ఈ రోజు నాలుగో క్లాసు లేదు", "ఇప్పుడే పేరెంట్స్ చూడ్డానికి వస్తున్నారు", "సాయంత్రం అందరం భోజనానికి వెళ్తున్నాం" లాంటివి అయిదు నిమిషాల ముందు తెలుస్తాయి. మీ మీద చిన్నచూపు కాదు, వాళ్లకూ పైనుంచి అప్పుడే తెలుస్తుంది. ఇంకోటి, పిల్లలకు సెలవులిచ్చినా విదేశీ టీచర్ మాత్రం తనకిచ్చే సెలవులు పోను మిగతా పనిదినాల్లో స్కూలుకు రావాలి. జనవరిలో ఖాళీ బిల్డింగులో, హీటర్ పక్కన, ఎవరూ లేని స్టాఫ్ రూంలో సాయంత్రం దాకా కూర్చోవాలి. దీన్ని అక్కడి టీచర్లు డెస్క్ వార్మింగ్ అంటారు. మీరు ఏదైనా పరీక్షకు చదువుకోవాలనుకుంటే ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. నేను కొరియన్ చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాను. లిపి సులువు, వారంలో వచ్చేస్తుంది. భాష మాత్రం అలా కాదు.

మే 15న టీచర్స్ డే. మన దగ్గరలా గిఫ్టులు ఆశించకండి. 2016లో వచ్చిన అవినీతి నిరోధక చట్టం వల్ల పిల్లలు టీచరుకు కాఫీ డబ్బా ఇచ్చినా తప్పే. క్లాసు తరఫున ఒక కార్నేషన్ పువ్వు, చేత్తో రాసిన ఉత్తరాలు ఇస్తారు. "టీచర్ ఐ లవ్ యూ, టీచర్ నో హోంవర్క్" అని ఒకే వాక్యంలో రాసిన ఉత్తరం ఇంకా నా దగ్గర ఉంది.

హైస్కూల్లో వేస్తే ఈ సరదాలేవీ ఉండవు. అక్కడ అందరి చూపూ నవంబరులో ఒక గురువారం జరిగే సునుంగ్ అనే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష మీదే. ఆ రోజు ఇంగ్లీష్ లిజనింగ్ పరీక్ష జరిగే అరగంట పైచిలుకు దేశంలో విమానాలు ఎగరనివ్వరు, దిగనివ్వరు. అందులో మాట్లాడే పరీక్ష లేదు కాబట్టి, మీరు చెప్పే మాట్లాడే క్లాసును పిల్లలు నిద్రకు వాడుకుంటారు. అవకాశముంటే ఎలిమెంటరీయే కోరుకోండి.

రంగు విషయం కూడా చెప్పాలి. రిక్రూటర్లు దరఖాస్తుతో పాటు ఫొటో అడుగుతారు. నేను హగ్వన్ కోసం వెతికినప్పుడు ఫోన్లో గొంతు విని ఉత్సాహంగా మాట్లాడినవాళ్లు, ఫొటో పంపాక మళ్లీ పలకలేదు, అలా చాలామంది. పేరెంట్స్‌కు తెల్ల మొహం కావాలని ఒకావిడ నాతోనే అంది, అదేదో వాతావరణ సమాచారం చెప్పినంత మామూలుగా. ప్రభుత్వ స్కూలు ఈ విషయంలో చాలా నయం. పిల్లలు మొదటి రోజు "టీచర్, రియల్లీ అమెరికా?" అని అడుగుతారు, వారానికి మర్చిపోతారు. వయసెంత, పెళ్లయిందా, ఎందుకు కాలేదు అనే ప్రశ్నలు పిల్లలూ అడుగుతారు, పెద్దలూ అడుగుతారు. గుంటూరు నుంచి వెళ్లినవాళ్లకు వాటి మీద ప్రాక్టీసు ఉండే ఉంటుంది.

తిండి. ఇదే మీకు అన్నిటికంటే పెద్ద సమస్య అవుతుంది, దాచడం ఎందుకు. స్కూలు భోజనం స్టీలు ట్రేలో పెడతారు: అన్నం, సూపు, కిమ్చి, రెండు కూరలు, పండో పెరుగో. సూపు చిన్న ఎండుచేపలతో కాచిన నీళ్లతో చేస్తారు. కిమ్చి అంటే వాళ్ల క్యాబేజీ పచ్చడి, అందులో ఉప్పురొయ్యలో, చేపలు ఊరబెట్టి తీసిన సాసో కలుపుతారు, మన ఆవకాయలో ఆవపిండి ఎంత తప్పనిసరో అక్కడ అది అంత. "నేను మాంసం తినను" అంటే మాంసం ముక్కలు తీసేసి అదే సూపు పోస్తారు, వాళ్ల దృష్టిలో అది శాకాహారమే. ఒక చిట్కా ఉంది. నెల మెనూ కాగితంలో ప్రతి వంట పక్కన అలర్జీ నంబర్లు వేస్తారు. 9 రొయ్య, 10 పంది, 15 కోడి, 16 ఎద్దు మాంసం, 17 స్క్విడ్. కొరియన్ రాకపోయినా అంకెలు చూసి ఏ రోజు ఏది వదిలేయాలో తెలుసుకోవచ్చు. కానీ ఎండుచేపకు ఆ జాబితాలో నంబరే లేదు. అందుకే పూర్తి శాకాహారులు డబ్బా కట్టుకుని వెళ్లడమే దారి. కో-టీచర్‌కు మొదటి రోజే చెప్పేయండి, మతపరమైన నియమం అంటే బాగా అర్థం చేసుకుంటారు. బౌద్ధ గుళ్లలో వండే భోజనం మాంసం, చేప లేకుండా, ఉల్లి వెల్లుల్లి కూడా లేకుండా ఉంటుంది. కాబట్టి ఆ ఆలోచన వాళ్లకు కొత్తది కాదు.

బయట హోటల్లో బిబింబాప్‌ను, అంటే కూరగాయలు కలుపుకుని తినే అన్నాన్ని, మాంసం, గుడ్డు లేకుండా అడగొచ్చు. ఇంట్లో అయితే ఇబ్బంది లేదు. సియోల్‌లో ఇతెవోన్ మసీదు దారిలో ఇండియన్ కిరాణా కొట్లున్నాయి. ఆన్‌లైన్లో కందిపప్పు, ఇంగువ కూడా తెప్పించుకోవచ్చు. పాలకూర, ముల్లంగి, వంకాయ, పచ్చిమిర్చి ఎక్కడైనా దొరుకుతాయి. వాళ్ల బియ్యం ముద్దగా ఉంటుంది, కందిపొడి సరిగా కలవదు, అలవాటు పడాలి. అమ్మ రోజూ ఫోన్లో "పెరుగైనా దొరుకుతోందా" అని అడిగేది. దుకాణాల్లో ఉండేది ఎక్కువగా తీపి పెరుగు. తియ్యదనం లేనిది ఒక డబ్బా కొని తోడుకు వాడుకోండి. కొరియా ఇళ్లలో చలికాలం గది కింద వేడినీళ్ల గొట్టాలతో నేలంతా వెచ్చబడుతుంది, ఓన్‌దోల్ అంటారు. పాలు తోడేసి గిన్నెను దుప్పటి చుట్టి ఆ నేల మీద పెట్టి పడుకుంటే, బయట మైనస్ పది ఉన్నా తెల్లారేసరికి గడ్డ పెరుగు.

టీచర్లందరూ కలిసి వెళ్లే భోజనాలు తప్పించుకోకండి. పెద్దవాళ్లకు గ్లాసులో పోసేటప్పుడు రెండు చేతులూ వాడితే చాలు, మీరు తాగకపోయినా ఎవరూ ఏమీ అనరు. స్ప్రైట్ పోయించుకుని కూర్చోవచ్చు. మీ మీద స్కూల్లో ఏర్పడే అభిప్రాయం సగం ఆ బల్ల దగ్గరే ఏర్పడుతుంది.

ఇల్లు స్కూలే ఇస్తుంది, లేదా అద్దె అలవెన్సు ఇస్తుంది. ఒకే గది, అందులోనే వంట మూల, వాషింగ్ మెషిన్. స్నానాల గదిలో షవర్‌కు అడ్డు ఉండదు, మన ఇళ్లలోలాగే. చెత్త విషయంలో జాగ్రత్త: ఆ పేటకు అమ్మే సంచుల్లోనే వేయాలి, తిండి చెత్త వేరు, ప్లాస్టిక్ వేరు. తప్పు సంచిలో వేస్తే కింది అంతస్తు బామ్మ వచ్చి తలుపు కొడుతుంది. రాత్రి పదకొండింటికి ఒంటరిగా నడిచి ఇంటికి వచ్చేదాన్ని, భయం అనిపించలేదు. దేగు ఎండ గురించి కొరియా వాళ్లందరూ బెదిరిస్తారు, బెజవాడ మే నెల చూసినవాళ్లు నవ్వుకుంటారు. చలి మాత్రం నవ్వులాట కాదు, వసంతంలో వచ్చే దుమ్ము కూడా.

డబ్బు మాటకొస్తే, కొత్తగా చేరేవాళ్లకు నెలకు 22, 23 లక్షల వోన్ల దరిదాపుల్లో ఇస్తారు. మన డబ్బులో లక్షా ముప్పై, నలభై వేలు అనుకోండి. అద్దె లేదు కాబట్టి ఇంట్లో వండుకుని, వారానికోసారి మాత్రం బయటికి వెళ్లేవాళ్లు సగం దాకా మిగుల్చుకుంటారు. కాఫీ షాపులు, కేటీఎక్స్ రైలెక్కి వారం వారం బుసాన్, సియోల్ తిరగడం మొదలైతే ఏమీ మిగలదు. కట్టిన పెన్షన్ సొమ్ము దేశం వదిలేటప్పుడు వెనక్కి వస్తుందా లేదా అన్నది పాస్‌పోర్టును బట్టి ఉంటుంది, చేరేటప్పుడే అడిగి తెలుసుకోండి.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే ఇలా చేయండి. డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదేనని వేరే దేశం ఒప్పుకోవడానికి వేసేది) వేయించండి. పాస్‌పోర్ట్ ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ తీసుకుని దానికీ అపోస్టిల్ చేయించండి, ఇది మాత్రం చివర్లో, పాతబడితే తీసుకోరు. మార్చి చేరికలకు అంతకు ముందు ఆగస్టులో, ఆగస్టు చేరికలకు ఫిబ్రవరిలో దరఖాస్తులు మొదలవుతాయి. వీటన్నిటికంటే ముందు ఎపిక్ వాళ్లకు నేరుగా మెయిల్ రాసి, సెపా కింద ఈ సెమిస్టర్లో భారతీయులను తీసుకుంటున్నారా అని అడగండి. తీసుకోవడం లేదని వాళ్లు చెబితే ముద్రల ఖర్చయినా మిగులుతుంది. అప్పుడు కొరియా ప్రభుత్వం ఇచ్చే జీకేఎస్ స్కాలర్‌షిప్‌తో అక్కడ పీజీ చేయడం రెండో దారి. ఫీజు, విమానం చార్జీ, నెలనెలా ఖర్చులకు డబ్బు, ఏడాది కొరియన్ భాషా శిక్షణ అన్నీ అందులోనే వస్తాయి. ఆ స్టూడెంట్ వీసా మీద ఉంటూ పక్కింటి పిల్లలకు ఇంగ్లీష్ ట్యూషన్ మాత్రం ఒప్పుకోకండి. అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, డబ్బూ బాగానే ఇస్తామంటారు. పట్టుబడితే వీసా పోయేది మీదే.